పందెములో గెలిచి, పిల్లలకు పరుగు నేర్పిన ఎరిక్ లిడ్డెల్

ధ్యానమునకు: 1 సమూయేలు 2:30, మార్కు 2:23–28, లూకా 14:1–6

మన పల్లెలలో ఆదివారము వచ్చినప్పుడు ఒక ప్రశ్న తరచుగా పుట్టుచుండును. కాలువకు నీరు వచ్చినది, కూలివారు దొరికినారు. ఈ దినము ఆరాధనకు పోవుదుమా, పొలమునకు పోవుదుమా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, మన హృదయములో దేవునికి ఏ స్థానము ఇచ్చితిమో దానిని బయటపెట్టును.

ఆదివారమును గూర్చి జ్ఞాపకముంచుకొనదగిన రెండు పనులు చేసిన ఒక భక్తుని జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము. యౌవనమందు ఆయన ఆదివారము నిమిత్తము, లోకమంతయు కోరుకొను ఒక పందెమును విడిచిపెట్టెను. ఇరువది ఏండ్ల తరువాత అదే మనుష్యుడు ఆదివారమున ఆటస్థలములో పిల్లల మధ్య నిలిచి ఆట నడిపించెను. మొదటిది భక్తి, రెండవది వెనుకంజ అని కొందరు తలంతురు. అట్లు తలంచుటకు ముందు ఆయన కథను వినుడి.

బాల్యము, చదువు

ఎరిక్ హెన్రీ లిడ్డెల్ 1902 జనవరి 16వ తేదీన చైనా దేశములోని టియెన్సిన్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణమును ఇప్పుడు టియాన్‌జిన్ అని పిలుచుచున్నారు. తండ్రి జేమ్స్, తల్లి మేరీ, ఇద్దరును స్కాట్లండు దేశస్థులు. వారిని చైనాకు పంపినది లండన్ మిషనెరీ సొసైటీ. మన తెలుగు దేశములో కడప, గుత్తి, జమ్మలమడుగు ప్రాంతములందు సువార్త పని చేసిన సంఘము కూడ అదియే గనుక, ఈ కుటుంబము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఎరిక్ చిన్నతనము సియావోచాంగ్ అను పల్లెలో గడిచెను. ఆరేండ్ల వయస్సున ఆయనను, అన్నయైన రాబర్టును ఇంగ్లండులో మిషనెరీల కుమారుల నిమిత్తము నడుపబడిన హాస్టలు బడిలో చేర్చిరి. తలిదండ్రులు తిరిగి చైనాకు వెళ్లిరి. అది మొదలుకొని ఆ పిల్లలు తలిదండ్రులను చూచుట బహు అరుదాయెను. తల్లిదండ్రులకు దూరమైన పిల్లవాని మనస్సు ఎట్టిదో ఎరిక్ అక్కడనే నేర్చుకొనెను. ఆ పాఠము తరువాత ఆయనకు ఎట్లు పనికివచ్చెనో ముందుకు చూచెదము.

1920లో ఆయన ఎడిన్‌బరో యూనివర్సిటీలో సైన్సు చదువుటకు చేరెను. మరుసటి ఏడు అక్కడి క్రీడలలో 100 గజముల పందెము గెలిచెను. అప్పుడు టామ్ మెకెర్చర్ అను శిక్షకుడు ఆయనను చేపట్టెను. కండరములను ఎట్లు సడలించుకొనవలెనో, పందెము ముగిసిన వెంటనే ఎందుకు ఆగిపోరాదో, దినదినము సాధన ఎట్లు చేయవలెనో అతడు ఓపికతో నేర్పెను. ఎరిక్ పరుగెత్తు తీరు చూచుటకు అందముగా నుండెడిది కాదు. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిలో కొట్టుచు పరుగెత్తెడివాడు. చూచినవారు నవ్వెడివారు, పందెము ముగిసిన తరువాత ఆశ్చర్యపడెడివారు. రగ్బీ అను బంతి ఆటలో కూడ ఆయన 1922, 1923 సంవత్సరములలో స్కాట్లండు జట్టు తరపున 7 ఆటలు ఆడెను.

ఆయన స్వభావమున బిడియస్థుడు. అయినను 1923 ఏప్రిల్‌లో డి. పి. థామ్సన్ అను యువ సువార్తికుడు ఆయనను అర్మడేల్ అను గనుల ఊరిలో సాక్ష్యము చెప్పుటకు పిలువగా ఒప్పుకొనెను. ఆటగాడు ఏమి చెప్పునో విందమని పనివారు కూడి వచ్చిరి. దేవుడు తనకు ఎంత ప్రియమైనవాడో ఎరిక్ వారికి సాదా మాటలతో చెప్పెను. ఆ దినము మొదలుకొని ఆయన కాళ్లు పందెమునకును, నోరు సువార్తకును సిద్ధపడెను.

అదే సంవత్సరము జూలైలో లండన్‌లో 100 గజములను 9.7 సెకండ్లలో పరుగెత్తి, బ్రిటనులో అంతకుమునుపు ఎవరును చేరని వేగమును చూపెను. తరువాత కొన్ని దినములకు స్టోక్ పట్టణములో 440 గజముల పందెము జరిగెను. ఆరంభములోనే మరియొకడు తగులగా ఎరిక్ దారి ప్రక్కన గడ్డిమీద పడిపోయెను. ఆయన లేచుసరికి తక్కినవారు ఇంచుమించు 20 గజములు ముందుకు పోయిరి. పందెము పోయినదని చూపరులందరు తలంచిరి. ఆయన లేచి, వారిని వెన్నాడి, అందరినీ దాటి, గెలుపు గీత దాటిన పిమ్మట సొమ్మసిల్లి పడెను. పడినవాడు లేచి పరుగెత్తవచ్చునని ఆ దినము వేలమంది కన్నులారా చూచిరి.

పారిస్‌లో ఒక ఆదివారము

1924లో పారిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగవలసియుండెను. 100 మీటర్ల పందెములో ఎరిక్ బంగారు పతకము తెచ్చునని బ్రిటను ప్రజలు గట్టిగా నమ్మిరి. అయితే క్రీడల పట్టిక వెలువడగా, ఆ పందెమునకు మొదటి పరుగులు జూలై 6వ తేదీన, ఆదివారమున, జరుగునని తెలిసెను. నలుగురేసి జట్టుగా పరుగెత్తు రెండు పందెములు కూడ ఆదివారమునకే పడెను. ఆ మూడింటిలోను తాను పాల్గొనననియు, ప్రభువు దినము ఆరాధనకు ప్రత్యేకింపబడినదనియు ఎరిక్ నెమ్మదిగా చెప్పెను.

1981లో ఆయన కథను చూపుచు వెలువడిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' అను ఇంగ్లీషు చలనచిత్రములో, ఓడ ఎక్కుచున్న గడియలో ఈ సంగతి ఆయనకు తెలిసినట్లు చూపిరి. నిజమునకు కొన్ని నెలల ముందే ఆయనకు తెలిసియుండెను. ఇది గమనింపదగినది. ఒక్క గడియలో ఉప్పొంగిన ఆవేశముతో ఆయన ఆ పని చేయలేదు. నిందలు వినుచు, ఒత్తిడి సహించుచు, నెలల తరబడి ఆ తీర్మానములో నిలిచెను. దేశాభిమానము లేనివాడని కొందరు ఆయనను తప్పుపట్టిరి. ఆయన ఎవరితోను వాదింపలేదు. 100 మీటర్ల పందెములో పాల్గొను వారిని తప్పుపట్టనులేదు. తనకు అలవాటు లేని 400 మీటర్ల పందెమునకు మెకెర్చర్ చేతిక్రింద సాధన మొదలుపెట్టెను.

జూలై 6వ తేదీన స్టేడియములో 100 మీటర్ల పరుగులు జరుగుచుండగా, ఎరిక్ పారిస్‌లోని స్కాట్లండువారి దేవాలయములో ప్రసంగించుచుండెను. మరునాడు ఆయన దేశస్థుడైన హరాల్డ్ అబ్రహామ్స్ ఆ పందెము గెలిచెను. జూలై 9వ తేదీన 200 మీటర్ల పందెములో ఎరిక్ మూడవవాడుగా వచ్చి కంచు పతకము పొందెను.

జూలై 11వ తేదీ శుక్రవారమున 400 మీటర్ల కడపటి పందెము. ఆ ఉదయమున జట్టువారికి ఒళ్లు పట్టు మనుష్యుడొకడు మడిచిన కాగితమొకటి ఆయన చేతికిచ్చెను. తన్ను గౌరవించువారిని దేవుడు గౌరవించునని తెలుపు సమూయేలు గ్రంథములోని మాట దానిమీద వ్రాసియుండెను. ఆ సాయంకాలము ఎరిక్‌కు అన్నిటికంటె వెలుపలి గీత దొరికెను. ఆ గీతలో పరుగెత్తువానికి తక్కినవారు కనబడరు. ఎంత వేగము చూపవలెనో ఎరుగుట కష్టము. పందెమునకు ముందు ఆయన తన అలవాటు చొప్పున పోటీదారులందరి చేతులు పట్టుకొని పలుకరించెను. పాదములు ఆనించుటకు ఆ కాలమున పరుగెత్తువారు నేలలో చిన్న గుంటలు త్రవ్వుకొనెడివారు. తన చేతి తాపీని ఎదుటివారికి ఎరువిచ్చుట కూడ ఆయనకు వాడుక.

తుపాకి మ్రోగగానే 100 మీటర్ల పందెమువలె దూకెను. సగము దూరమునకే అలసిపోవునని ఎరిగినవారు తలంచిరి. ఆయన వేగము తగ్గలేదు. 47.6 సెకండ్లలో గెలిచి, అంతవరకు ఒలింపిక్ క్రీడలలో ఎవరును చేరని వేగమును చూపెను. రెండవవాడైన అమెరికా దేశస్థుడు హొరేషియో ఫిచ్‌కు 48.4 సెకండ్లు పట్టెను.

ప్రియులారా, ఆదివారము ఆచరించువారికందరికి దేవుడు బంగారు పతకము ఇచ్చునని దీనినిబట్టి ఎంచకుడి. ఆయన 47.6 సెకండ్లు పరుగెత్తియుండకపోయినను, మూడవవాడుగానో ఆరవవాడుగానో వచ్చియున్నను, ఆయన చేసినది మంచిదే. దేవుడు ఇచ్చు ఘనత పతకము కంటె వేరైనది. దానిని తరువాతి ఇరువది ఏండ్లలో చూచెదము.

బంగారు పతకము తరువాత

ఆ మాసము 17వ తేదీన ఎరిక్ డిగ్రీ పుచ్చుకొనెను. యూనివర్సిటీ పెద్దలు ఆయన తలమీద ఆకుల కిరీటము పెట్టిరి. విద్యార్థులు భుజములమీద ఎత్తుకొని వీధులలో ఊరేగించిరి. అప్పటికి ఆయనకు 22 ఏండ్లు. పేరు, కీర్తి, ధనము అన్నియు చేతికందు దూరములో నుండెను. ఆయన ఒక సంవత్సరము వేదాంత విద్య అభ్యసించి, 1925 వేసవిలో చైనాకు బయలుదేరెను. స్నేహితులు ఆయనను బండిలో కూర్చుండబెట్టి, గుఱ్ఱములకు బదులు తామే లాగుచు రైలు స్టేషనుకు చేర్చిరి.

టియెన్సిన్‌లోని ఆంగ్లో-చైనీస్ కాలేజిలో ఆయన సైన్సు ఉపాధ్యాయుడాయెను. తరగతిలో రసాయన శాస్త్రము, సాయంకాలము ఆటలు, ఆదివారమున సండే స్కూలు. లోకములో కెల్ల వేగముగా పరుగెత్తిన మనుష్యులలో ఒకడు, ఇప్పుడు చైనా బాలురతో కలిసి మైదానములో దిగి పరుగు నేర్పుచుండెను. ఆ పట్టణములో మిన్‌యువాన్ అను స్టేడియము కట్టునప్పుడు ఆయన సలహా ఇచ్చి సహాయపడెను. ఆయనయు అప్పుడప్పుడు పందెములలో పరుగెత్తి గెలుచుచుండెను గాని, దాని కొరకు బ్రదుకలేదు.

చదువరులారా, పందెములో గెలుచువాని పని ఒకటి, నేర్పువాని పని ఒకటి. గెలుచువాడు తన కాలు చూచుకొనిన చాలును. నేర్పువాడు పదిమంది కాళ్లు చూడవలెను. వెనుకబడినవానిని వెంటబెట్టుకొనవలెను, పడినవానిని లేపవలెను, గెలిచినవానికి అణకువ నేర్పవలెను. చప్పట్లు అతనికి రావు. అతడు నేర్పిన పిల్లవానికి వచ్చును. ఎరిక్ ఈ రెండవ పనిని తక్కువగా ఎంచక, సంతోషముతో చేసెను.

1932లో స్కాట్లండులో ఆయన గురువుగా అభిషేకము పొందెను. 1934 మార్చి 27వ తేదీన కెనడా దేశపు మిషనెరీల కుమార్తెయైన ఫ్లోరెన్స్ మెకెంజీని టియెన్సిన్‌లో వివాహమాడెను.

1937లో జపాను సేనలు చైనాలో యుద్ధము ఆరంభించెను. మిషనువారు ఆయనను పట్టణము విడిచి, సియావోచాంగ్ ప్రాంతపు పల్లెలకు పొమ్మని అడిగిరి. అక్కడి ఆసుపత్రిలో అన్న రాబర్ట్ వైద్యుడుగా నుండెను. అపాయమునుబట్టి భార్యాబిడ్డలను టియెన్సిన్‌లోనే విడిచి ఎరిక్ వెళ్లెను. సైకిలు మీదను, కాలినడకను ఊరూర తిరుగుచు, పంట పోయిన రైతులను, ఇండ్లు కాలిన కుటుంబములను ఓదార్చెను.

1939 చలికాలములో, ఒక పాడుపడిన గుడిలో గాయపడినవాడొకడు దినముల తరబడి పడియున్నాడని ఆయన వినెను. జపాను సైనికులకు వెరచి ఎవరును అతనిని తమ ఇంట చేర్చుకొనలేదు. దారిలో సైనికులు ఎదురైనయెడల ఏమి చెప్పవలెనని ఎరిక్ ఆలోచించుచు తన చైనా భాషా నిబంధనను తెరువగా, లూకా 16:10 కంటబడెను. చిన్న పనిలో నమ్మకముగా నుండుమని ఆ మాటవలన గ్రహించి, బండి తీసికొని వెళ్లి ఆ మనుష్యుని ఎక్కించుకొనెను. త్రోవలో మరియొకడు, కత్తివేటుకు మెడ తెగియు ప్రాణముతో నున్నవాడు, కనబడెను. ఇద్దరిని ఆసుపత్రికి చేర్చెను. మొదటివాడు చనిపోయెను; రెండవవాడు బ్రదికి, యేసు ప్రభువును నమ్ముకొనెను. ఆ పనికి పతకము లేదు, చప్పట్లు లేవు.

కంచె లోపలి ఆదివారము

యుద్ధము ముదిరినందున 1941లో ఎరిక్, గర్భవతియైన ఫ్లోరెన్స్‌ను ఇద్దరు కుమార్తెలతో కెనడాకు పంపెను. మూడవ కుమార్తె అక్కడ పుట్టెను. ఆ బిడ్డ ముఖమును ఆయన ఎన్నడును చూడలేదు. 1943 మార్చిలో జపాను ప్రభుత్వమువారు ఆయనను ఇతర విదేశీయులతో కూడ వేషియన్ అను చోట నిర్బంధ శిబిరములో ఉంచిరి. ఆ ఊరిపేరు ఇప్పుడు వైఫాంగ్. 1,500 మందికి పైగా జనులు ఇరుకు గదులలో, చాలని ఆహారముతో అక్కడ బ్రదికిరి.

వారిలో మిషనెరీల బడి పిల్లలు అనేకులు ఉండిరి. తలిదండ్రులు దూరదేశములో నుండగా, బడితో కూడ వారిని తెచ్చి అక్కడ పెట్టిరి. ఆరేండ్ల వయస్సున తల్లిని విడిచిన ఎరిక్‌కు వారి మనస్సు తెలియును. తన పిల్లలను చూడలేని ఆ తండ్రి వారికందరికి తండ్రివంటివాడాయెను. వారు ఆయనను ఎరిక్ అంకుల్ అని పిలిచిరి. ఉదయమున వేరుసెనగ నూనె దీపము వెలుతురులో బైబిలు చదువుకొని ప్రార్థించుకొనెడివాడు. పగలు సైన్సు బోధించుట, ముసలివారికి నీళ్లు, బొగ్గులు మోయుట, సాయంకాలము పిల్లలచేత ఆటలు ఆడించుట ఆయన పని. రసాయన శాస్త్రము నేర్పుటకు పరికరములు లేనందున వాటి బొమ్మలు చేతితో గీసి పాఠము చెప్పెను. హాకీ కర్రలు విరిగినయెడల దుప్పటి గుడ్డ చింపి పట్టీలు కట్టి బాగుచేసెను.

ఆటలు నడిపించినను, ఆదివారము మాత్రము ఆయన వాటిని ముట్టలేదు. పారిస్‌లో చేసినదే ఇక్కడను చేసెను. అయితే ఒక ఆదివారమున పెద్దలు ఎవరును లేకుండ బాలబాలికలు తామే హాకీ ఆడిరి. తీర్పు చెప్పువారు లేనందున ఆట జగడముగా మారి, ఒకరినొకరు కొట్టుకొనిరి. ఎరిక్ ఆ సంగతి విని ఆలోచించెను. తరువాతి ఆదివారమున ఆయనయే మైదానములోనికి వచ్చి, వారి మధ్య నిలిచి ఆట నడిపించెను.

ఇదేమి? లోకమంతటి ముందు ఆదివారము పరుగెత్తనన్నవాడు, ఇప్పుడు పిల్లల ఆటకు దిగెనా? అవును, దిగెను. పారిస్‌లో ఆయన విడిచినది తన కీర్తి. దానివలన మరి ఎవరికిని నష్టము లేదు. వేషియన్‌లో తన నియమమును పట్టుకొని గదిలో కూర్చుండినయెడల, నష్టపడువారు తల్లిదండ్రులు లేని పిల్లలు. విశ్రాంతి దినము మనుష్యుల మేలు కొరకు నియమింపబడినదని మన ప్రభువు పరిసయ్యులకు బోధించెను. ఆ దినమున గుంటలో పడిన ఎద్దును పైకి తీయుట తప్పు కాదని కూడ చూపించెను. పల్లెవారమైన మనకు ఈ ఉపమానము వివరింప నక్కరలేదు. ఎద్దు గుంటలో పడినయెడల మనము ఆదివారమని ఆగుదుమా? ఎద్దుకంటె పిల్లవాడు ఎంతో శ్రేష్ఠుడు.

అయితే ఒక హెచ్చరిక. ఎద్దు గుంటలో పడినదని చెప్పుకొనుటకు, ప్రతి శనివారము మనమే గుంట త్రవ్వుకొనరాదు. లాభము కొరకు ఆదివారము పొలమునకు పోయి, ఎరిక్ కూడ ఆట ఆడించెను గదా అనువాడు ఆయన కథను సగమే విన్నవాడు. తన కొరకు ఆదివారమును అమ్ముకొననివాడే, ఇతరుల కొరకు దానిని ఎట్లు వాడవలెనో ఎరుగును.

కడపటి పరుగు

1945 ఆరంభములో ఆయనకు తలనొప్పి ముదిరెను. అధిక శ్రమవలన కలిగిన నీరసమని తలంచిరి. నిజమునకు మెదడులో కంతి పెరుగుచుండెను. ఆ చలికాలములో ఆయన తన పాత పరుగు బూట్లను త్రాళ్లతో బాగుచేసి, బూట్లులేని కుర్రవానికొకనికి ఇచ్చెను. శత్రువుల కొరకు ప్రార్థించుమని కూడ ఆయన ఆ కుర్రవానికి నేర్పియుండెను. ఆ కుర్రవాడు పెరిగి, తమ్మును చెరపట్టిన జపాను దేశమునకే మిషనెరీగా వెళ్లెను. పరుగు నేర్పినవాని బూట్లు అట్టి పరుగుకు దారి తీసెను.

1945 ఫిబ్రవరి 21వ తేదీన, 43 ఏండ్ల ప్రాయమున, ఎరిక్ ఆ శిబిరపు ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించెను. భార్యకు ఆ వార్త మే నెలలోగాని అందలేదు. ఆగస్టు 17వ తేదీన శిబిరము విడుదల పొందెను. ఆయన సమాధిమీద చిన్న కొయ్య సిలువ మాత్రము ఉండెను; కాలక్రమమున అదియు కనబడకపోయెను. 1991లో ఎడిన్‌బరో యూనివర్సిటీవారు స్కాట్లండు రాతితో అక్కడ ఒక స్మారక శిల నిలిపిరి.

దేవుడు ఆయనకు ఇచ్చిన ఘనత ఆ రాయి కాదు, ఆ పతకమును కాదు. ఆయన చేతిక్రింద పెరిగిన పిల్లలు ముసలివారగువరకు ఆయన పేరు చెప్పి దేవుని స్తుతించిరి. అదియే ఆ ఘనత.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, సండే స్కూలు నడుపువారలారా, మీ చేతిక్రింద నున్న పిల్లవానిని తక్కువగా ఎంచకుడి. మన ఊరిలో తల్లి దగ్గర లేని బిడ్డ ఎవరు? హాస్టలులో ఒంటరిగా నున్నవాడెవడు? ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అట్టి పిల్లవానిని పేరుపెట్టి పలుకరించుడి.

ప్రార్థన: ప్రభువా, నీ దినమును మా లాభము కొరకు వాడుకొనక నిన్ను ఘనపరచు మనస్సు మాకిమ్ము. నీ చిన్నబిడ్డలు పడిపోవునప్పుడు మా నియమము చాటున దాగక, లేచి వెళ్లు ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.